తాతయ్య వేలికి తోలు టోపీ

మా తాతయ్యకి ఉన్న పది వేళ్లలో తొమ్మిది బుద్ధిమంతులు. కుడిచేతి చూపుడు వేలు మాత్రం ఎవరి మాటా వినదు. నలభై ఆరేళ్లు చొక్కాలు కత్తిరించిన చేతి వేలు కదా, వంకర గీత కనిపిస్తే చాలు, దురద పుడుతుంది. నాకు తొమ్మిదో తరగతిలోనే చదువంటే విసుగొచ్చింది గానీ, ఆ వేలిని మాత్రం క్షుణ్ణంగా చదివాను.

కుట్టు దుకాణం మూసేశాక, ఒక శిక్షణ కేంద్రం వాళ్లు ఆయన్ని ఆన్‌లైన్‌లో చొక్కా కటింగు నేర్పమని అడిగారు. పన్నెండు మంది, పన్నెండు ఇళ్లు, అందరి తెరల మీదా ఒకటే పేజీ. ఎవరి రంగు వాళ్లది. ఒకరు గీసింది అందరికీ అప్పటికప్పుడే కనిపిస్తుంది. తాతయ్యది నలుపు. క్లాసు రోజున ఇస్త్రీ చొక్కా వేసుకుని, చెవి మీద సుద్దముక్క పెట్టుకుని ట్యాబు ముందు కూర్చునేవాడు. తెర మీద గీయడానికి సుద్దెందుకని అడిగాను.

"అది లేకపోతే నాకు మాట రాదే" అన్నాడు.

మూడు వారాలు తిరిగేసరికి పన్నెండు మంది కాస్తా ఐదుగురయ్యారు. శుక్రవారం నాటికి ఎనిమిది మందైనా లేకపోతే క్లాసు ఆపేయాల్సి వస్తుందని కేంద్రం మేడమ్ నొచ్చుకుంటూ ఫోన్ చేసింది. తాతయ్య "సరేనమ్మా" అని, చెవి మీది సుద్దముక్క తీసి డబ్బాలో వేసి గట్టిగా మూత పెట్టాడు. నేను ట్యాబు అందుకుని క్లాసు పేజీ తెరిచాను.

"ఈ కాలం వాళ్లకి ఓపిక లేదు" అన్నాడు.

"ఎవరికి లేదో చూపించనా, తాతయ్యా?"

ఆ పేజీ ఏదీ మరిచిపోదు. వెనక్కి తిప్పితే ఎవరేం గీశారో, ఎవరేం చెరిపారో వరసగా చూపిస్తుంది. తిప్పాను. ఆకుపచ్చ ఒక గీత గీసింది. నలుపు చెరిపి తన గీత పెట్టింది. నీలం గీసింది, నలుపు చెరిపింది. ఊదారంగు వచ్చి చంక దగ్గర వంపు గీసింది. అదీ పోయింది. మళ్లీ గీసింది, మళ్లీ పోయింది. అలా ఏడుసార్లు. ఆ తర్వాత ఊదారంగు ఇక కనబడలేదు.

ఊదారంగు ఒక బస్సు కండక్టరుది. డ్యూటీ దిగి యూనిఫాం కూడా మార్చుకోకుండా క్లాసులో కూర్చునేది.

"ఆగాగు" అంటూ తాతయ్య ముక్కు తెరకి తగిలేంత దగ్గరికొచ్చాడు. "ఏడోది సరిగ్గానే గీసిందే."

"మరెందుకు చెరిపావు?"

"చూడలేదే. అలవాటుగా చెయ్యి అటు పోయింది."

లేచి, అటక మీంచి పాత పేపర్ల కట్ట దించమన్నాడు.

"దుకాణంలో కొత్తగా చేరినవాళ్లు మొదటి నెల దేని మీద కత్తెర పెట్టేవాళ్లు?"

"వీటి మీద."

"పాడుచేస్తే తిట్టేవాణ్ణా?"

"నన్ను తప్ప ఎవర్నీ తిట్టలేదు."

"అదీ సంగతి. వీళ్లకి పేపరివ్వకుండా ఏకంగా గుడ్డ చేతికిచ్చాను. ఇంకో పేజీ తియ్యి."

దానికి 'పాత పేపరు' అని పేరు పెట్టాడు. ఇద్దరిద్దరుగా గీయాలి. పక్కవాళ్ల గీతని ముట్టుకోకూడదు, అనుమానముంటే పక్కన ప్రశ్న రాయాలి. గీసినవాళ్లే చెరుపుకోవాలి. మాస్టారు అందరికన్నా ఆఖర్న మాట్లాడాలి.

"నీ వేలు వింటుందా మరి?" అన్నాను.

సొరుగులోంచి తోలు టోపీ తీశాడు. సూది గుచ్చుకోకుండా వేలికి తొడుక్కునేది. దాంతో ఎంత పొడిచినా ట్యాబు పట్టించుకోదు.

ఆ సాయంత్రమే మానేసిన ఏడుగురికీ ఫోన్లు చేశాడు. ఇద్దరు వస్తామన్నారు. కండక్టరుతో, "అమ్మాయ్, నీ ఏడో గీత బాగుంది. చెరిపింది నేను. తప్పు నాదే" అన్నాడు. ఆ మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. నా కొత్త గౌను కాల్చినప్పుడు కూడా తప్పు ఇస్త్రీపెట్టెదే.

"చూస్తాను, మాస్టారూ. డ్యూటీ ఎప్పుడు దిగుతానో" అందామె.

శుక్రవారం ఏడుగురే వచ్చారు. మేడమ్ కూడా చూస్తోంది. ఆకుపచ్చ రంగు కుర్రాడు చంక వంపుని బాగా కిందికి దించేశాడు. తాతయ్య వేలు ఎగిరి తెర మీద టకటకా కొట్టుకుంది. గీత పడలేదు. నీలం పక్కన రాసింది: 'అన్నా, ఇంత లోతుగా కోస్తే చెయ్యెత్తినప్పుడు చొక్కా మొత్తం లేవదా?'

కుర్రాడు నవ్వాడు. "అంటే బస్సులో పైకమ్మీ పట్టుకుంటే నా పొట్ట ఊరందరికీ కనిపిస్తుందన్నమాట."

తన గీత తనే చెరుపుకుని పైకి గీశాడు. అది మొదటిదానికన్నా మెరుగు. ఇంకా వంకరే. తాతయ్య పళ్ల బిగువున ఊరుకున్నాడు.

అప్పుడు పేజీ అంచున ఊదారంగు వెలిగింది. 'పైకమ్మీల సంగతి నన్నడగండి' అని రాసి, ఆ పక్కనే వంపు గీసింది. ఒక్కసారికే గీసింది. కుర్రాడు దాన్ని చూసి, తనది మళ్లీ చెరిపి, నెమ్మదిగా గీసుకున్నాడు.

"ఎనిమిది" అంది మేడమ్.

ఆఖర్న మాస్టారి వంతు వచ్చింది. అందరూ ఎదురుచూస్తున్నారు. తాతయ్య గొంతు సవరించుకున్నాడు, కానీ మాట రాలేదు. నావైపు తిరిగి సుద్ద డబ్బా అందుకున్నాడు. తోలు టోపీతో మూత ఊడటం లేదు. నేనే తీసి, సుద్దముక్క ఆయన చెవి మీద పెట్టాను.