టోర్గున్ బట్టీ కొట్టం

టోర్గున్‌ను ఎవరైనా "పాపం" అంటే ఆమెకు ఒళ్లు మండుతుంది. నార్వే తీరంలోని ఆ చిన్న దీవిలో, బడి వెనకనున్న పాత పడవల కొట్టంలో ఆమె కుండలు కాల్చే బట్టీ పెట్టిన రోజున అందరూ నవ్వారు. చేపలు పట్టుకు బతికేవాళ్ల పిల్లలకు మట్టిబొమ్మలెందుకన్నారు. ఆమె వింటేనా! ఇప్పుడు ఆమె పెట్టిన "మట్టిచేతులు" సంఘం చుట్టుపక్కల దీవులన్నిటి బళ్లలోనూ బొమ్మలు చెయ్యడం నేర్పుతోంది. పిల్లలు చేసిన పచ్చి బొమ్మలు చేపల పెట్టెల్లో, పాత పేపర్ల మధ్య సర్దుకుని, ఫెర్రీ ఎక్కి ఇక్కడికే వస్తాయి. కాల్చాక తిరిగి వెళతాయి. అన్ని బళ్లకూ బట్టీ ఇదొక్కటే.

ఆ కొట్టాన్నే కూల్చేస్తామన్నాడు మున్సిపాలిటీ విద్యాధికారి ఐవిన్. టీచర్ల కార్లకు చోటు చాలడం లేదట. బొమ్మల పాఠాలు ఇకమీదట తెరమీద చూపిస్తారట.

"తెరమీద చూస్తే చేతికి మట్టి అంటుతుందా నాయనా?" అంది టోర్గున్.

"నిర్ణయం అయిపోయింది టోర్గున్‌గారూ. బడికి సెలవులివ్వగానే పని మొదలుపెడతాం."

ఆమె బతిమాలలేదు. ఇంటికి వెళ్లి ఊరందరికీ కబురు పెట్టింది: శనివారం కొట్టానికి రంగులు వెయ్యడానికి దుగ్నాద్. దుగ్నాద్ అంటే ఊరి పనికి ఊరంతా ఊరికే వచ్చి చెయ్యి వెయ్యడం. రానివాణ్ణి ఆ తర్వాత రేవులో ఎవరూ పలకరించరు.

శనివారం జనం కుంచెలు, నిచ్చెనలు పట్టుకుని వచ్చారు. వాళ్ల వెనకే, చేతిలో సొంత బకెట్‌తో ఐవిన్! అతనుండేది బడి పక్క వీధిలోనే. బుద్ధెరిగాక ఒక్క దుగ్నాద్ కూడా తప్పలేదు. కూల్చబోయే గోడకు రంగేమిటన్న సంగతి అతనికి దారిలో తట్టే ఉంటుంది. కానీ ఇంట్లో కూర్చోవడం అంతకంటే సిగ్గు. తలవంచుకుని పడమటి గోడంతా ఎర్రగా పూసేశాడు. బాగా పూశాడు కూడా, ఆ మాట ఒప్పుకోవాలి.

కాఫీల వేళ టోర్గున్ అతని ఎదుటికొచ్చి నిలబడింది.

"చెయ్యి బాగానే తిరిగింది. మరి కూల్చేదెప్పుడు?"

"నేను పొరుగువాడిగా వచ్చాను. ఆఫీసు మాటలు ఇక్కడొద్దు."

"సరే, పొరుగువాణ్ణే అడుగుతున్నా. దీన్ని కూల్చడానికి కూడా దుగ్నాద్ పిలువు. ఎవరొస్తారో చూద్దాం."

దీవి మొత్తానికీ ఉన్న పొక్లెయిన్ ఒక్కటే, అది అస్బ్యోర్న్‌ది. అతనేమో నిచ్చెన మీదున్నాడు. ఐవిన్ అటు చూశాడు.

"నా వంక చూడకు బాబూ," అన్నాడు అస్బ్యోర్న్. "రంగింకా ఆరలేదు."

"ఆరాక?"

"ఆరాక రెండో పూత వెయ్యాలి."

జనం నవ్వారు. టోర్గున్ నవ్వలేదు. ఇది పోతే ఇన్ని దీవుల పిల్లలకూ మళ్లీ ఉత్త చేతులేనన్న భయం ఆమెను వారాలుగా నిద్రపోనివ్వలేదు. అయినా అక్కణ్ణుంచి కదల్లేదు.

ఐవిన్ తన ఎర్రటి వేళ్లు చూసుకున్నాడు.

"టీచర్లను కార్లు రేవు దగ్గర పెట్టుకోమంటాలే," అని గొణిగాడు.

"గొణక్కు," అంది టోర్గున్. "నిచ్చెన మీదున్నవాడికి కూడా వినపడాలి."

అతను తలెత్తి, ఈసారి గట్టిగా చెప్పాడు.