పొయ్యి దగ్గరికి వచ్చిన డప్పు

బిడ్డా, పదో తరగతి తర్వాత నేను కలం పట్టింది లేదు. ఈ రోజు మీ నాయనమ్మకు ఒక అబద్ధం చెప్పాను, అందుకే రాస్తున్నాను.

మన పాలమూరు పాటలను గిటారుతో పాడే బృందం ఒకటి వనపర్తిలో తయారైంది. ఈ సాయంత్రం పాన్‌గల్‌లో వాళ్ల మొదటి ప్రోగ్రాం. దారిలో వాన పట్టుకుంటే మన ఇంటి దగ్గర ఆగారు. గిటారతను నేరుగా వచ్చి మంచం మీద కూర్చున్నాడు. డప్పు కొట్టే బాలస్వామి చూరు కిందే నిలబడ్డాడు.

"అమ్మా, డప్పు మెత్తబడ్డది. జర నిప్పులు బయటికిస్తే కాగబెట్టుకుంట."

"వానల నిప్పులు నిలుస్తయా? లోపలికి రా."

"పొయ్యి కాడికా? పెద్దమ్మ ఊకుంటదా?"

"అత్తమ్మ పండుకున్నది. నువ్వు రా."

తోలు వాయిద్యం మన వంటింట్లోకి రావడం ఇదే మొదలు. డప్పు కాగింది. బాలస్వామి ఒక్క దెబ్బ కొట్టి చూశాడు. ఖంగుమన్నది. అత్తమ్మ లేచింది.

"ఏందే ఆ సప్పుడు?"

"ఉరుము, అత్తమ్మా."

వాళ్లు పోయాక, మైలపడిందని నేను పొయ్యి అలకలేదు. అబద్ధానికి మాత్రం దేవుని ముందు చెంపలు వేసుకున్నాను. నువ్వైతే ఏం చెప్పేదానివో రాయి. ఈ కాగితం దాచిపెట్టు, ఎవరికీ చూపకు.