మండవల్లిలో ఒక నిద్ర

నిద్ర పట్టడానికి నేను చేసిన ప్రయత్నాల్లో ఆఖరిది కొత్త పరుపు. మావారు పోయి ఏడాది కావస్తోంది. అంతకుముందు దిండు మీద తల పెట్టడమే ఆలస్యం, గురక పెట్టేదాన్నని ఆయనే మా కొట్టుకి వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. ఆయన పోయాక గురకా పోయింది, నిద్రా పోయింది. గసగసాల పాలు తాగాను. డాబా మీద తిరిగాను. డాక్టరుగారిచ్చిన మాత్రలు మింగి పగలంతా తూలాను. తాడేపల్లిగూడెంలో మాది స్టీలు సామాన్ల కొట్టు. ఒకరోజు గిన్నెలడిగినావిడకి మూతలు కట్టి పంపేశాను. ఇలా అయితే లాభం లేదని ఏలూరు వెళ్ళాను.

అక్కడ తాతల నాటి నుంచి పరుపులు కుట్టే ఒక ముస్లిం కుటుంబం ఉంది. వాళ్ళమ్మాయి రిజ్వానాకి పాతికేళ్ళుంటాయి. దూది నొక్కి చూపిస్తూ నా మొహం కేసి చూసి, "మీకు నిద్ర పట్టకపోవడం పరుపు వల్ల కాదేమోనండీ ఆంటీ" అంది. తను అమ్మే సరుకుకి తనే అడ్డం పడే పిల్లని నేనెక్కడా చూడలేదు. తను నాటకాలు వేస్తుందట. అందులో మాటలుండవట. నిద్ర పట్టని మనిషి తలలో ఏం తిరుగుతూ ఉంటుందో ముగ్గురు మనుషులు ఒంటి కదలికలతోనే చూపిస్తారట. మొదటి ప్రదర్శన మండవల్లి దగ్గర, కొల్లేటి అంచున, ఒక చేపల ప్యాకింగ్ షెడ్డులో. నా చేతిలో కరపత్రం పెట్టింది. దాని మీద పెద్ద అక్షరాలతో 'నిద్రకు రండి' అని ఉంది.

ఆ మాటని నేను రెండుసార్లు చదివాను. ఇంట్లో మనిషి పోతే, కార్యక్రమాలన్నీ అయ్యాక, పుట్టింటివాళ్ళో దగ్గరి చుట్టాలో వచ్చి మిగిలినవాళ్ళని తమ ఇంటికి తీసుకెళ్ళి ఒక రాత్రి ఉంచుకుంటారు. మా వైపు దాన్నే నిద్ర చేయడమంటాం. నాకు అన్నదమ్ములు లేరు. అమ్మానాన్నా ఏనాడో వెళ్ళిపోయారు. మావారి తరఫు వాళ్ళు ఫోన్లో వస్తామన్నారు, రాలేదు. ఈ ఆచారం సంగతి ఆ పిల్లకి తెలియదు. తను పిలుస్తున్నది నాటకానికేనని నాకు తెలుసు. అయినా వస్తానని చెప్పాను.

అనుకున్న రోజు పొద్దున్నే గూడెంలో పాసింజరు ఎక్కాను. ఉంగుటూరు దాకా నిలబడ్డాను, అక్కడ కిటికీ పక్కన సీటు దొరికింది. ఏలూరు పాత బస్టాండు దగ్గర ఇడ్లీ తిన్నాను. అల్లప్పచ్చడి బాగుంది, ఇడ్లీ సంగతి అడక్కండి. అక్కణ్ణించి కైకలూరు బస్సు. ఊరు దాటి కాసేపు వెళ్ళాక రోడ్డుకి రెండు పక్కలా నీళ్ళే. గూడకొంగలు గట్ల మీద పెళ్ళి భోజనాలకి వచ్చినవాళ్ళలా వరసగా కూర్చున్నాయి. చెరువుల్లో గాలి కొట్టే మిషన్లు తెల్లగా నీళ్ళు చిమ్ముతున్నాయి.

పక్క సీట్లో చేపల మేత వ్యాపారం చేసే ఆయన నేనెక్కడికి వెళ్తున్నానో అడిగి తెలుసుకుని పకపకా నవ్వాడు. "నిద్ర పట్టకపోవడం మీద నాటకమాండీ? కరెంటు పోతే నా మేత తిన్న చేపలన్నీ తేలిపోతాయండీ. ఆ బెంగతో మేమంతా రోజూ ఆ నాటకమే ఆడుతున్నాం, చూసేవాళ్ళే లేరు."

కైకలూరులో భోజనం చేసి ఆటో ఎక్కాను. షెడ్డు చేరేసరికి ఎండ కాస్త తగ్గింది. లోపల ఐసు వాసన, చేపల వాసన. నేల నిండా పరుపులు, వేదికంతా అదే. వాటికెదురుగా ఏడెనిమిదిమంది ఆడవాళ్ళు కూర్చున్నారు. ఒక్కొక్కరి ఒళ్ళో ఒక దుప్పటి మూట, దాని మీద దిండు. నాటకానికి దిండెందుకా అనుకుంటుండగానే ఒకావిడ జరిగి నాకు చోటిచ్చింది. ముదినేపల్లి దగ్గరి పల్లెటూరు నుంచి వచ్చిందట, పేరు సత్యవతి.

"ఏవండీ, మీదే ఊరండీ?"

"గూడెమండీ."

"ఎవరు పోయారండీ?" బస్సెప్పుడుందని అడిగినంత మామూలుగా అడిగింది.

"మావారండీ."

"మా ఇంట్లోనూ ఆయనేనండీ. మా తమ్ముళ్ళకీ నాకూ పొలం దగ్గర మాటల్లేవు. నిద్రకి ఎవరు పిలుస్తారు చెప్పండి? టీ కొట్టు గోడ మీద ఈ కాయితం చూశాను. పిలిచేవాళ్ళు లేనివాళ్ళని ఎవరో పుణ్యాత్ములు పిలుస్తున్నారని వచ్చేశానండీ."

మిగతావాళ్ళూ అందుకే వచ్చారు. అంతలో రిజ్వానా నన్ను తెర వెనక్కి లాక్కెళ్ళింది. "ఆంటీ, వీళ్ళందరూ దిండ్లెందుకు తెచ్చుకున్నారండీ?" చెప్పాను. ఆ పిల్ల చేపల ట్రే బోర్లించి దాని మీద కూలబడింది. "అయ్యో, వాళ్ళ బాధతో ఆడుకున్నట్టయిందండీ. ఆపేస్తానండీ. క్షమాపణ చెప్పి పంపేస్తాను."

నాకు ఒళ్ళు మండింది. "పంపేస్తే ఎక్కడికి వెళ్తారు? ఏడాదిగా కళ్ళు మూతపడనివాళ్ళం మేము. నీ నాటకం మాకు కాకపోతే ఇంకెవరికి? లే."

లేచింది. మూల కూర్చున్న ఒకతను రిజ్వానా తాతగారి నాటి దూది ఏకే విల్లు తీగని మీటాడు. ఆ మోత గుండెల్లోకి దిగింది. రిజ్వానా, మరో ఇద్దరు పరుపుల మీద పక్కకి దొర్లారు, మళ్ళీ ఇటు దొర్లారు. దిండు తిరగేసి చల్లటి వైపు వెతికారు. ఆ ఇద్దరిలో ఒకతను లేచి లేని తలుపుకి గడియ పెట్టి, పడుకుని, మళ్ళీ లేచి చూశాడు. మాటల్లేని నాటకానికి మాటలన్నీ మా ఆడవాళ్ళే అందించారు. "పెట్టావు నాయనా, పడుకో" అని ఒకరు, "నేనూ అంతేనండీ, నాలుగుసార్లు చూస్తాను" అని ఇంకొకరు.

అప్పుడు రిజ్వానా కళ్ళు మూసుకుని ఎడమ చెయ్యి పక్కకి చాచింది. ఖాళీ పరుపు మీద ఆ చెయ్యి మెల్లగా తడుముకుంటూ వెళ్ళింది. ఏమీ దొరక్క అక్కడే ఆగిపోయింది. నేను ఏడ్చాను. ఆయన పోయినప్పుడు వచ్చినవాళ్ళ ఎదురుగా రాని ఏడుపు, ఆ చేపల వాసనలో తన్నుకొచ్చింది. సిగ్గనిపించలేదు.

ముగ్గురూ కళ్ళు తెరిచి పైకప్పుకేసి చూస్తూ ఉండిపోవడంతో నాటకం అయిపోవాలట. మాకెవరికీ ఆ సంగతి తెలియదు, చప్పట్లు కొట్టలేదు. సత్యవతిగారు లేచి వెళ్ళి తన దుప్పటి విప్పి రిజ్వానాకి భుజాల దాకా కప్పి, "కళ్ళు మూసుకో అమ్మా" అంది. ఆ పిల్ల నవ్వబోయి ఏడ్చేసింది. తర్వాత సత్యవతిగారే, "మరి మాకెక్కడ పరుస్తారు?" అని అడిగింది.

పరుపులకేం కొదవ? షెడ్డు యజమాని ఇంటి నుంచి అన్నం, చేపల పులుసు వచ్చాయి. రిజ్వానా తన చేత్తోనే అందరికీ వడ్డించింది, కొట్టు పిల్ల కాబట్టి ఎవరికి మెత్తటిది కావాలో ఎవరికి గట్టిది కావాలో అడిగి మరీ పరుపులు సర్దింది.

యాత్ర గురించి రాసేటప్పుడు బస చేసిన రాత్రి గురించి నాలుగు మాటలు రాయాలి. నా దగ్గర లేవు. ఎడమ పక్కకి చెయ్యి చాచాను, సత్యవతిగారి భుజం తగిలింది. ఆ తర్వాత గూడకొంగల రెక్కల చప్పుడు, తెల్లారిన వెలుగు.

"ఏం గురకండీ బాబూ మీది!" అంది సత్యవతిగారు దుప్పటి మడత పెడుతూ. "చెరువులో చేపలు కూడా పడుకుని ఉండవు." ఆ మాటకి నాకెంత సంతోషమేసిందో చెప్పలేను.

ఆటో ఎక్కుతుంటే రిజ్వానా నేను కప్పుకున్న దుప్పటిని మూట కట్టి నా చేతిలో పెట్టి, "మళ్ళీ రండి ఆంటీ" అంది. సత్యవతిగారు వెంటనే కసిరింది. "నిద్రకి వచ్చినవాళ్ళని మళ్ళీ రమ్మనకూడదమ్మా! ఇంకెవరైనా పోవాలనా?"

"మరి ఏమనాలండీ?"

"నాటకానికి రమ్మను."

తిరుగుప్రయాణం వేరే దారిన పెట్టుకున్నాను. మండవల్లిలో రైలెక్కి భీమవరంలో దిగితే గూడేనికి బస్సులు బోలెడు. ఎవరైనా ఆ నాటకం చూడాలనుకుంటే సాయంత్రానికల్లా చేరండి, దిండు మాత్రం మీది మీరే తీసుకెళ్ళండి. నాకు కొల్లేరంటే నీళ్ళు, పిట్టలు అని చెప్పేవారు. నా మటుకు నాకు అది ఒంటి బడలిక తీరిన చోటు.

ఆకివీడులో ఎక్కిన ఒక పెద్దావిడ నా ఒళ్ళో దుప్పటి మూట చూసి పలకరించింది.

"ఎక్కణ్ణించండీ?"

"నిద్రకి వెళ్ళొస్తున్నానండీ."

"అయ్యో. ఎవరింటికండీ?"

కొంచెం ఆలోచించాను.

"ఏలూరులో పరుపులు కుడతారండీ, మావాళ్ళే" అన్నాను.