మా కౌన్సెలింగ్ సారు, ఆయన ఇంటిమనిషి

సారు పోయిన కబురు నాకు ఫోనులో వచ్చింది. "అవ్వా, సారు లేడంట" అన్నాడు చేసినవాడు.

"అంట ఏందిరా? నువ్వు ఆస్పత్రి కాడనే ఉన్నవు గద?"

"బయటనే ఉన్న అవ్వా. లోపలికి రానియ్యలే. వేరేవాళ్ళకు చెప్తుంటే విన్న."

కరోనా రెండోసారి విరుచుకుపడిన ఎండాకాలం అది. ఆ ఫోను చేసినవాడు సారుతో ఒకే గదిలో ఏళ్ళ తరబడి కాపురం చేసినవాడు. ఈ గుజరాతీ ఊళ్ళో, ఉధ్నాలో మరమగ్గాల కారఖానాలో పని. బమ్రోలిలో వాళ్ళ గదీ నా గదీ ఆనుకొనే ఉంటాయి.

మొన్న మన తెలుగు సంఘం వాళ్ళు సంతాప సభ పెట్టారు. "పెళ్ళి కూడా చేసుకోకుండా సమాజ సేవకే బతుకు ధారపోశాడు" అని సారు ఫొటోకు దండ వేశారు. ఏం సేవ చేశాడో ఒక్కరూ చెప్పలేదు. సారు ఇంటిమనిషి వెనక వరుసలో కుర్చీలు సర్దుతున్నాడు. నేను లేచి, "కాపురం చేసిండయ్యా! నీకంటే మంచిగ చేసిండు" అన్నాను. ఒక్క తల కూడా నా వైపు తిరగలేదు. ఇది చదివేవాళ్ళలో కొందరు ఆరోజు అక్కడే ఉన్నారు. అందుకే చెబుతున్నాను. నాకు అక్షరం ముక్క రాదు, మా మనవరాలు రాస్తోంది. ఒక్క మాట కూడా మెత్తగా చేయొద్దని దానికి ముందే చెప్పాను. చెప్పొచ్చా అని సారు ఇంటిమనిషినీ అడిగాను. "చెప్పు అవ్వా, ఇగ పొయ్యేదేముంది" అన్నాడు.

సారుది బ్యాంకు ఉద్యోగం. సాయంత్రాలు, ఆదివారాలు ఖటోదరాలో ఒక మేడ మీది గదిలో కూర్చునేవాడు. అది కౌన్సెలింగ్ కేంద్రం. మగవాణ్ని ఇష్టపడిన మగపిల్లలు, ఆడపిల్లతోనే బతకాలనుకున్న ఆడపిల్లలు, మగ ఒంట్లో పుట్టి తాము ఆడవాళ్ళమని తెలుసుకున్నవాళ్ళు ఇంట్లో దెబ్బలు తిని అక్కడికి వచ్చేవారు. జీతం లేని పని. హిందీకీ గుజరాతీకీ మనుషులున్నారు. తెలుగులో ఫోను ఎత్తేది మాత్రం సారు ఒక్కడే.

నన్నూ ఆయనే పిలిచాడు. "తల్లులొచ్చి ఏడుస్తున్నరు అవ్వా. మొగోణ్ని, నా మాట వినరు. నువ్వొచ్చి కూసో."

"నేనేం చెప్పాలె సారూ? సంతకం గూడ రాదు నాకు."

"ఏం చెప్పకు. ముందు నీళ్ళియ్యి. కొట్టబోతే చెయ్యి పట్టుకో. ఇగ గొంతంటవా, బమ్రోలి మొత్తానికి సరిపొయ్యేటంత ఉంది నీకు."

"ఇక్కడ విన్నది మెట్లు దిగొద్దు" అనేది సారు పద్ధతి. వచ్చినవాళ్ళు ఏ పేరు చెబితే ఆ పేరుతోనే పిలిచేవాడు. బజార్లో ఎదురుపడితే, వాళ్ళు పలకరిస్తే తప్ప ఎరగనట్టే పోయేవాడు. ఫోను తను ముందు పెట్టేవాడు కాదు. అవతలివాళ్ళు ఏడ్చి, ముక్కు చీది, "ఉంట సార్" అన్నాకే పెట్టేవాడు.

ఒకసారి పాండేసరా నుంచి ఒక తల్లి కొడుకును జుట్టు పట్టుకొని లాక్కొచ్చింది. "పెండ్లి జేస్తే కుదురుకుంటడని వీళ్ళ నాయిన అంటుండు. నువ్వు చేసుకున్నవా సారూ పెండ్లి?" అని వెటకారంగా అడిగింది.

"అయిందమ్మా. మంచోడే దొరికిండు."

ఆమె ఆయన్ను ఎగాదిగా చూసింది. "వంటెవరు చేస్తరు?" అంది.

"ఇద్దరం. ఆయన కారం ఎక్కువేస్తడు. దినాం కొట్లాటే."

ఆమెకు నవ్వొచ్చింది. జుట్టు వదిలింది. "ఇయ్యాల కొట్టలే గద అవ్వా, ఇయ్యాలకు చాలు" అన్నాడు సారు, వాళ్ళు మెట్లు దిగాక.

మొదటి లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగిపోయాయి. మన గల్లీల్లో ఆ మోత ఉన్నంతసేపూ పక్క మనిషి మాట కూడా వినబడదు. ఆ మోత చాటునే పిల్లలు సారుకు ఫోను చేసేవారు. అది ఆగేసరికి గుసగుస కూడా గోడ దాటింది. ఒకే గదిలో ఇంటిల్లిపాదీ. ఇక ఫోన్లు రాలేదు. "బాగుండి కాదు అవ్వా, నోరు తెరువలేక" అని సారు అన్నం సహించక తిరిగాడు. చివరికి రేషను సంచులు పంచేవాళ్ళతో కలిసి, కేంద్రానికి వచ్చిన పిల్లలుండే గల్లీలకు పోయాడు. సంచి అందిస్తూ పిల్ల ముఖం చూసేవాడు, పిల్ల ఆయన్ను చూసేది. అంతకుమించి ఏమీ జరిగేది కాదు. మరుసటేడు కూడా ఆ తిరుగుడు మానలేదు. జబ్బు ఏ గడపలో అంటిందో ఎవరు చెప్పగలరు?

ఆస్పత్రి కిటికీ దగ్గర, "పేషెంటుకు నువ్వేమవుతావు?" అని అడిగారట. అతను, "పక్కింటోణ్ని" అన్నాడు. ఇన్నేళ్ళు ఎవరడిగినా ఇద్దరూ చెప్పుకొచ్చిన మాట అది. అలవాటుగా అదే వచ్చింది. అట్లాగే రాసుకున్నారు. పక్కింటివాడికి ముఖం చూపించలేదు. చితి దగ్గరికి రానివ్వలేదు. అస్థికల కుండ ఇవ్వలేదు.

"నిజం చెప్పకపోతివేందిరా?" అని అరిచాను.

"చెప్తే ఇచ్చెటోళ్ళా అవ్వా?"

నేనే శ్మశానానికి పోయి, తల్లినని దబాయించాను. ఆధార్ కార్డు చూపించమన్నారు.

ఇప్పుడు ఖటోదరా గదికి తాళం పడింది. తెలుగులో ఫోను ఎత్తేవాళ్ళు లేరు. ఇది చదివి మీరెవరో పోయి కూర్చుంటారని నేను అనుకోవడం లేదు.

ఊరి నుంచి సారు తమ్ముడు వచ్చాడు. అన్నతో ఏళ్ళుగా మాటల్లేనివాడు. కుండ తీసుకొని ఉధ్నా స్టేషనుకు బయలుదేరితే మేమిద్దరం వెంట పోయాం. సారు ఇంటిమనిషికి కావలసింది పిడికెడు బూడిద. ఆ పిడికెడు తాపీ నదిలో తన చేత్తో కలుపుకోవాలని. ప్లాట్‌ఫారం మీద ఎట్లాగో నోరు తెరిచాడు.

"అన్నా, ఇక్కడ తాపీల గూడ జర కలుపుతరు..."

"అది ఇంటోళ్ళు చేసే పని గదా. మేం గోదాట్ల కలుపుతం" అన్నాడు తమ్ముడు. తర్వాత, "జర పట్టుకోండ్రి, నీళ్ళు తెస్త" అని కుండ అతని చేతుల్లోనే పెట్టి పోయాడు.

అతను దాన్ని రొమ్ముకు ఆనించుకొని, కుండ మూతికి కట్టిన బట్ట మీద గడ్డం మోపి కళ్ళు మూసుకున్నాడు.

"ఉరుకు బిడ్డా" అన్నాను. "పట్టుకొని ఉరుకు. వాణ్ని నేనాపుత."

కదలలేదు. తమ్ముడు సీసాతో వచ్చి కుండ తీసుకున్నాడు. "పక్కింటోళ్ళంటే మీలెక్క ఉండాలె" అని దండం పెట్టి రైలెక్కాడు.

బయటికి వస్తుంటే గేటు దగ్గర ఒకతను శానిటైజర్ సీసాతో నిలబడి అందరి చేతుల్లో పోస్తున్నాడు. నేను చాపాను. సారు ఇంటిమనిషి అరచేతులకు కుండ మీది బూడిద అంటుకొని ఉంది. "హాథ్ ఆగే కరో" అని చేతులు చాపమన్నాడు గేటు మనిషి. అతను రెండు పిడికిళ్ళూ బిగించి వీపు వెనక దాచుకున్నాడు. మా వెనక జనం అరుస్తున్నారు. గేటు మనిషి మళ్ళీ అన్నాడు, మళ్ళీ అన్నాడు. అతను పిడికిళ్ళు తెరవలేదు.