ముడుపు కట్టిన గడ్డం

మొన్న డాక్టరమ్మ నాచేత సైకిలు తొక్కించి, ఛాతీకి అంటించిన వైర్లన్నీ ఒక్కొక్కటిగా విప్పి, ఇకమీదట మీరు పొగలోకి వెళ్లవద్దు, బండి దగ్గర ఉండి పంపు చూసుకోండి అని ఎంతో మర్యాదగా చెప్పింది. ఆ సాయంత్రం మా ఊరి అగ్నిమాపక కేంద్రానికి వెళ్లి సంగతి చెబితే, మావాళ్లలో ఒకడు నా భుజం తట్టి, "అయితే ఇక హాయిగా గడ్డం పెంచుకోవచ్చు నువ్వు" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను గానీ, ఇంటికి నడిచి వస్తున్నంతసేపూ ఆ మాటే మనసులో తిరిగింది. ఆ కేంద్రంలో నా గడ్డానికి కొంత చరిత్ర ఉంది మరి.

మన వయసు వాళ్లకు ఫైరింజన్ అంటే గవర్నమెంటు బండి. గంట కొట్టుకుంటూ పోతుంటే రోడ్డు పక్కకు జరిగి చూడటమే మన పని. కార్ల్స్‌రూహె ట్రామ్ దారిలో ఉన్న ఈ చిన్న జర్మన్ ఊళ్లో ఇల్లు తీసుకుని ఎన్నో ఏళ్లు గడిచినా నేను అలాగే అనుకున్నాను. ఇక్కడ పెద్ద నగరాల్లో జీతగాళ్లుంటారు గానీ, చిన్న ఊళ్లలో మంటలార్పేది ఊరివాళ్లే. నడుముకున్న పేజర్ మోగగానే ప్లంబరు పానా కింద పడేసి, టీచరమ్మ సుద్దముక్క వదిలేసి పరుగెత్తుతారు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు, ఆ రెండోవాడి వరసలో ఉండేవాణ్ని నేను, వాళ్ల సైరన్ వల్ల నా మీటింగు చెడిపోతోందని విసుక్కుంటూ.

మహమ్మారి వచ్చిన మొదటి వసంతంలో నా భార్యకు జబ్బు సోకి ఆసుపత్రిలో చేర్చారు. చూడటానికి రానివ్వరు. నేనూ మా అమ్మాయీ క్వారంటైన్‌లో గడప దాటకూడదు. అలాంటి రోజుల్లో నీలం జాకెట్లు వేసుకున్న ఇద్దరు మా తలుపు ముందు పాలు, కూరగాయలు పెట్టి, బెల్లు కొట్టి, దూరంగా నిలబడి చెయ్యూపి వెళ్లేవారు. అందులో ఒకాయన వృత్తికి ప్లంబరు, ఊరి దళానికి నాయకుడు. ఆ రోజుల్లోనే నేను ఏడుకొండలవాడికి మొక్కుకున్నాను. ఆమెను ఇంటికి పంపు స్వామీ, మెట్లదారిన నడిచివచ్చి తలనీలాలిస్తాను, అప్పటిదాకా తలకూ గడ్డానికీ కత్తి తగలనివ్వను అని. స్వామి తన మాట నిలబెట్టుకున్నాడు. నేను నిలబెట్టుకుందామంటే విమానాలు లేవు.

ఆమె ఇల్లు చేరి కాస్త కోలుకున్నాక, కృతజ్ఞతలు చెబుదామని మిఠాయి డబ్బాతో నాయకుడి దగ్గరకు వెళ్లాను. ఆయన మిఠాయి తీసుకుని, పగలు ఇంట్లోనే ఉంటున్నావా అని అడిగాడు. హోమాఫీస్, ఇంటినుంచే ఉద్యోగం అన్నాను. అంతే, ఆయన కళ్లు మెరిశాయి. ఊళ్లో సగం మంది పగలు నగరానికి పోతారు, ఇంటికి నిప్పంటుకునేది మాత్రం పగలూ రాత్రీ చూసి కాదు గదా. ఈ పనిలో చేరాలంటే ఏం చేయాలని అడిగితే తేలిగ్గా చెప్పాడు. ఊళ్లో ఉండాలి, ఒళ్లు బాగుండాలి, బండి కదిలేలోగా పరుగెత్తి రాగలగాలి, పిలుపొచ్చినప్పుడు వదిలిపెడతామని ఆఫీసు వాళ్లు ఒప్పుకోవాలి. పౌరసత్వం అడగలేదు. కులం గోత్రం సంగతి సరేసరి. ముందు నాలుగు సాయంత్రాలు వచ్చి మేం చేసేది చూడు, నచ్చితే సంతకం పెట్టు అన్నాడు.

అలా గొట్టాలు చుట్టడం, నిచ్చెన లేపడం, వైర్‌లెస్‌లో మాట్లాడటం నేర్చుకున్నాను. సాధన చిన్న చిన్న గుంపులుగా, పాఠాలేమో వీడియోలో. అన్నిటికన్నా కష్టమైంది మాత్రం నాకన్నా పెద్దాయనను "డూ" అనడం, అంటే నువ్వు అనడం. అక్కడ అందరూ అందరినీ అలాగే అంటారు, మంటల దగ్గర మన్ననలకు టైముండదు. నా నోరు తిరగక ప్రతి వాక్యం మీరుతో మొదలుపెట్టి నువ్వుతో ముగించేవాణ్ని. మా అమ్మాయి పక్క గది నుంచి "నాన్నా, డూ! నుర్ డూ!" అని, ఒట్టి నువ్వు చాలని, అరిచేది.

ఆ చలికాలం సెలూన్లు కూడా మూసేశారు. దానివల్ల నాకు మేలే జరిగింది. వీడియోలో కనిపించే ప్రతి మొహమూ జడలు కట్టిన మునిలాగే ఉండేది గనక నా జుట్టును ఎవరూ పట్టించుకోలేదు. వసంతంలో సెలూన్లు తెరిచాక, ఒక్కొక్కరే నున్నగా తయారై వచ్చారు, మునివేషంలో మిగిలింది నేనొక్కణ్నే. సరిగ్గా అప్పుడే ఊపిరి పరికరం శిక్షణకు నా పేరు వచ్చింది. పొగలోకి వెళ్లాలంటే వీపున గాలి సిలిండరు, మొహానికి మాస్కు ఉండాలి. ఆ మాస్కు చర్మానికి అతుక్కోవాలంటే గడ్డం ఉండకూడదు. నాయకుడు ఒకసారి నా మొహానికి పెట్టి చూశాడు. చెంపల దగ్గర గాలి బుస్సుమంది.

పాపం ఆయన, నాకు మంగలి దగ్గర టెర్మిన్, అదే అపాయింట్‌మెంటు, దొరకలేదేమోననుకుని, టెర్మిన్లు బంగారమైన ఆ రోజుల్లో, తన వదినను బతిమాలి ఆమె సెలూన్‌లో నాకొకటి పట్టుకొచ్చాడు. ఇక దాచి లాభం లేక మొక్కు సంగతి చెప్పాను. ఆయన, "భార్య కోసమంటే నేనేమీ అనను. కానీ మాస్కుకు దేవుడి సంగతి తెలియదు, సందు దొరికితే పొగ వస్తుంది" అన్నాడు. లోపలికి ఇద్దరు వెళ్లాలంటే బయట ఇద్దరు సిద్ధంగా ఉండాలి. పగటిపూట మాస్కు వేసుకోగలవాళ్లు మా ఊళ్లో ముగ్గురే. నాలుగోవాణ్ని నేను. ఆ చోటు వదులుకుంటే మళ్లీ ఏడాదికి గానీ రాదు.

ఆ వారం నేను సరిగ్గా తినలేదు. ముందుకు పోతే నుయ్యి, వెనక్కి పోతే గొయ్యి. నిజం చెప్పాలంటే దేవుడికి కోపం వస్తుందని కాదు నా భయం. నా భార్య అప్పటికీ మేడ మెట్లెక్కుతూ మధ్యలో ఆగి గోడ పట్టుకునేది. నేను మాట తప్పితే ఆ ఊపిరి మళ్లీ వెనక్కి పోతుందేమోనని భయం.

నేను చెప్పకపోయినా ఆమె కనిపెట్టింది. "మొక్కింది నా పానం కోసమే గద, నేనే చెప్తున్న, తీసెయ్యుండ్రి" అంది. నేను ఒప్పుకోకపోయేసరికి హుజూరాబాద్‌లో ఉన్న వాళ్లమ్మకు వీడియో కాల్ చేసింది. మా అత్తయ్య నాతో నేరుగా మాట్లాడదు, ఏదైనా కూతురుకే చెబుతుంది. అంతా విని, "దేవునికేం తొందర లేదు బిడ్డా. పసుపుబట్టల పైసగట్టి ముడుపు పెట్టుమను. తొవ్వలు తెరిచినంక పోయి ఇడిసిపెట్టొచ్చు. మంటల పొయ్యేటోనికి గడ్డమెందుకు?" అంది. రూపాయి బిళ్ల ఇంట్లో లేదని, యూరో పెట్టొచ్చా అని నా భార్య అడిగితే, ఆయనకు అన్ని దేశాలవీ చెల్లుతయని జవాబు వచ్చింది.

నా తెల్ల రుమాలును పసుపునీళ్లలో ముంచి ఆరేశాం. స్నానాలగదిలో నన్ను స్టూలు మీద కూచోబెట్టి ఆమే కత్తెర పట్టుకుంది. రాలిన గడ్డంలోంచి ఒక కుచ్చు, యూరో బిళ్ల ఆ బట్టలో పెట్టి మూడు ముళ్లు వేసింది. తల జోలికి పోలేదు, అది స్వామిదే. మర్నాడు ఆ ముడుపు చూపిస్తే నాయకుడు చేతిలోకి తీసుకుని, మేకుకు వేలాడుతున్న మంటల నుంచి కాపాడతాడని వాళ్లు నమ్మే క్రైస్తవ సాధువు బొమ్మ కింద పెట్టాడు, దేవుడింట్లో పెట్టినంత జాగ్రత్తగా.

శిక్షణ గట్టెక్కింది. కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం మీటింగులో ఉండగా పేజర్ మోగింది. ఊళ్లో ఒక మేడ మూడో అంతస్తులో పొయ్యి మీద గిన్నె మాడి ఇల్లంతా పొగ కమ్మింది. నేనూ టీచరమ్మా లోపలికి పాకాం. పొగలో చెయ్యి చాస్తే ఒక ముసలమ్మ భుజం తగిలింది. ఆమె వంగి సొరుగులో ఏదో వెతుకుతోంది. ఏమిటా అంటే కరోనా మాస్కు! అది లేకుండా మెట్ల మీదికి రాకూడదు గదా అంటుంది దగ్గుతూనే. ఆమె తలకు పొగ ముసుగు తొడిగి కిందికి తెచ్చాం. నా మాస్కులోకి మాత్రం ఎక్కడా పొగ రాలేదు.

ఇంటికి పరుగున వచ్చి, మెట్ల కిందినుంచే నా భార్యను పేరు పెట్టి పిలిచాను. జవాబు రావడానికి పట్టిన ఆ కాసేపు భయపడినంతగా నేను ఆ పొగలో కూడా భయపడలేదు. ఆమె చేతులకు పిండితో తలుపు దగ్గరికి వచ్చి, "ఏమైంది, గట్ల అరుస్తున్రు?" అంది. అక్కడే మెట్ల మీద కూలబడి ఏడ్చాను.

విమానాలు మొదలయ్యాక ఇద్దరం మెట్లదారినే కొండెక్కాం. ఆమె నాకన్నా ముందే ఎక్కింది. ముడుపు హుండీలో వేసి, నున్నటి గుండుతో తిరిగొస్తే, నాయకుడు నా తల నిమిరి, ఇప్పుడు మాస్కు నడినెత్తి దాకా అతుక్కుంటుందన్నాడు. ఆయన ఇప్పుడు పని మానేసి తోట చూసుకుంటున్నాడు. ఆఫీసులు మనుషుల్ని వెనక్కి పిలిచేశాయి. పగలు పేజర్ మోగితే బండి తలుపు తెరిచి, ఎవరొస్తారా అని వీధివైపు చూస్తున్నాం. జనం తలుపులు బిగించుకున్న ఆ కాలంలోనే ఊరికి మనుషులు ఎక్కువ ఉండేవాళ్లేమో అనిపిస్తుంది.

ఈ ఉదయం అద్దం ముందు నిలబడి ఎప్పటిలాగే సబ్బునురగ రాసుకుని గీసుకోవడం మొదలుపెట్టాను. ఒక చెంప అయ్యాక గుర్తొచ్చింది, ఇక అవసరం లేదని. కాసేపు అలాగే నిలబడి, రెండో చెంప కూడా గీసుకున్నాను.