బతికున్న బామ్మగారికి సంవత్సరీకం

కుర్చీలోంచి లేవకుండా, చేతికి మట్టంటకుండా, ఒక్క వారంలో ఒక పెళ్ళివారింట్లో ఏడుపూ, అప్పటికే ఏడుస్తున్న ఇంకో ఇంట్లో అంతకు మించిన ఏడుపూ పుట్టించడం ఎలాగో మీకు తెలుసా? నాకు తెలుసు. చేసి చూపించాను కూడా. మీరు నవ్వుతారనే చెబుతున్నాను. మధ్యలో ఒకచోట నవ్వు రాకపోతే మాత్రం తప్పు మీది కాదు.

మా నాన్నగారు అద్దంకిలో పురోహితులు. చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళిళ్ళు చేయించేదీ ఆయనే, తద్దినాలు పెట్టించేదీ ఆయనే. స్నానానికి వెళ్ళినా ఫోన్ మోగుతుంది. "పంతులుగారూ, మా నాన్న సంవత్సరీకం బుధవారమా, గురువారమా?" క్యాలెండర్ అందరిళ్ళలోనూ వేలాడుతూనే ఉంటుంది. కానీ తిథి ఒక్కోసారి ఇవాళ మధ్యాహ్నం మొదలై రేపు మధ్యాహ్నం దాకా సాగుతుంది. కార్యం ఏ రోజు పెట్టుకోవాలో తేల్చాల్సింది పంతులుగారే.

నేనేమో ఇంజనీరింగ్ పూర్తిచేసి, నాకు తగిన ఉద్యోగం ఎక్కడో నా కోసం ఏడుస్తూ వెతుక్కుంటోందన్న నమ్మకంతో ఇంట్లో కూర్చున్నాను.

"నాన్నగారూ, మీకొక వెబ్‌సైట్ చేసిపెడతాను" అన్నాను ఒకరోజు.

"ఎందుకురా భాస్కరం? ఫోనుందిగా."

"ఫోన్లో ఒకసారికి ఒకరే మాట్లాడగలరు. దీంట్లో వందమంది ఒకేసారి అడగొచ్చు."

"జవాబులు చెప్పే వందమందిని ఎక్కణ్ణించి తెస్తావ్?"

"వందమంది అక్కర్లేదు. ఒక్కడు చాలు!" అని ఛాతీ విరుచుకున్నాను.

మీకూ అదే చెబుతాను, వినండి. నేను వాడిన రకం సర్వర్‌లో పనిచేసే చెయ్యి ఒక్కటే. కానీ ఆ చెయ్యి ఊరికే ఉండదు. పెళ్ళిలో వంటాయన పప్పు పొయ్యి మీద పెట్టి, అది ఉడికేదాకా దాని మొహం చూస్తూ కూర్చోడు కదా, ఆలోగా వంకాయలు తరుగుతాడు. ఇదీ అంతే. తిథులు లెక్కగట్టే సర్వీసు ఇంకోచోట ఉంది. అక్కడికి ప్రశ్న పంపితే జవాబు రావడానికి ఆరేడు సెకన్లు. ప్రోగ్రామ్‌లో ఆ చోట 'అవెయిట్' అని ఒక్క మాట రాస్తే, ఆ ఖాళీలో సర్వర్ రెండోవారి పని అందుకుంటుంది. దీన్నే అసింక్రనస్ అంటారు. ఆ మాట పలికినప్పుడల్లా నాకు ఒక అంగుళం పొడుగు పెరిగినట్టుండేది.

నాన్నగారు అంతా విని, "బాగానే ఉంది. మరి ఏ గిన్నె ఎవరిదో వాడికి గుర్తుంటుందా?" అన్నారు.

"కంప్యూటర్‌కి మతిమరుపు ఉండదు నాన్నగారూ" అన్నాను, చిన్నపిల్లాడికి చెప్పినట్టు.

కంప్యూటర్‌కి ఉండదు. దానికి చెప్పేవాడికి బుద్ధి ఉండాలి. నేనేం చేశానంటే, అడిగినవారి పేరూ ఫోన్ నంబరూ రాసుకోవడానికి ప్రోగ్రామ్ మొత్తానికీ కలిపి ఒకే ఒక్క వేరియబుల్, అంటే రాసి చెరిపే పలకలాంటిది, పెట్టాను. చెయ్యి ఒక్కటే కదా, పలక ఒక్కటి చాలదా అని. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవన్నారు పెద్దలు. రెండిళ్ళు ఇమడతాయేమో చూద్దామనుకున్నాడు ఈ చిన్నవాడు. పదిసార్లు పరీక్షించాను, పదిసార్లూ పనిచేసింది. ఎందుకు చెయ్యదు? అడిగిందీ నేనే, ఒకటి అయ్యాక ఒకటి.

ఆదివారం నాడు సైట్ పెట్టాను. పైన పెద్ద అక్షరాలతో 'ఫోన్ చేయవలసిన పనిలేదు. మీ ఫోనుకే మెసేజ్ వస్తుంది' అని రాశాను. ఈ వాక్యాన్ని నేను చచ్చేదాకా మర్చిపోను.

మంగళవారం పొద్దున్నే సింగరాయకొండ నుంచి రామ్మోహనరావు మాస్టారు ఫోన్ చేశారు. రిటైరైన తెలుగు మాస్టారు. కూతురికి సంబంధం కుదిరి తాంబూలాలయ్యాయి, పెళ్ళికి ముహూర్తం కావాలని మా సైట్‌లో అడిగారు.

"పంతులుగారూ, నిన్న నాకు రెండు మెసేజ్‌లు వచ్చాయండి. కళ్ళజోడు దగ్గర లేక, రెండూ ముహూర్తాలేననుకుని వియ్యంకుడికి పంపించేశాను."

"ఏముందండీ వాటిల్లో?" అన్నారు నాన్నగారు.

"మొదటిది చదువుతాను వినండి. 'శ్రీ రామ్మోహనరావు గారికి. మీ తల్లిగారి ప్రథమ సంవత్సరీకం మాఘ బహుళ షష్ఠి, గురువారం.' రెండోది నా కూతురి పెళ్ళి ముహూర్తం."

నాన్నగారు నా వంక చూశారు. నేను గోడ వంక చూశాను.

"మా అమ్మ బతికే ఉందండీ! ఇప్పుడే కాఫీలో చక్కెర తక్కువైందని తిడుతోంది! వియ్యంకుడేమో ఇంట్లో మనిషి పోయి ఏడాది తిరక్కుండా తాంబూలాలు ఎలా పుచ్చుకున్నారు, మా దగ్గర దాస్తారా అని ఎగురుతున్నాడు. ఆవేళ అమ్మ జ్వరంతో లోపలి గదిలో ఉంది, వాళ్ళు చూడలేదు. ఇప్పుడు నేనేం చెప్పినా నమ్మట్లేదు. పెళ్ళి ఆగిపోయేట్టుందండీ!"

తప్పు మా అబ్బాయిదేనని, రేపే వచ్చి వియ్యంకుడికి చెబుతానని అని నాన్నగారు ఫోన్ పెట్టేశారు.

పెళ్ళికీ తద్దినానికీ ఒకే మంత్రం చదివే పంతుల్ని చూసి లోకం నవ్వుతుంది. ఆ పని మంత్రం చదవకుండానే చేసినవాణ్ణి ఏం చెయ్యాలో లోకానికింకా తెలీదు. నాన్నగారికి తెలిసింది. "రేపు పొద్దున్నే చొక్కా వేసుకో" అన్నారు.

బుధవారానికి వియ్యంకుడు కూడా వస్తానన్నాడట. మేం బస్సు దిగి వెళ్ళేసరికి ఆయన వాకిట్లో, కూర్చోమన్నా కూర్చోకుండా నిలబడి ఉన్నాడు. వరండాలో చాప మీద బామ్మగారు మిరపకాయల తొడిమలు తీస్తున్నారు. ఎనభై ఆరేళ్ళు. తలెత్తి వియ్యంకుణ్ణి చూశారు.

"నన్ను చూసిపోదామని వచ్చావా నాయనా? ఆలస్యం చేశావు. నేను పోయి ఏడాదైందట."

ఆయన బిత్తరపోయాడు. "మీరు... పెళ్ళికూతురి నాయనమ్మగారా?"

"మొన్నటిదాకా అంతే. ఇప్పుడు పంతులుగారబ్బాయి ఏమంటే అది."

నాన్నగారు ముందుకెళ్ళి, తప్పంతా మాదేనని చేతులు జోడించారు. ఎన్నో వందల పెళ్ళిళ్ళు చేయించిన ఆ చేతులు, కన్నకొడుకు నిర్వాకానికి ఒక పరాయివాడి ముందు జోడించడం చూసి నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. వియ్యంకుడు మెత్తబడి, ఆఖరికి కూర్చున్నాడు. మజ్జిగ పుచ్చుకున్నాడు. పెళ్ళి నిలబడింది.

వచ్చేస్తుంటే బామ్మగారు నన్ను పిలిచారు. "ఒరేయ్ అబ్బాయ్, తద్దినం నాడు గారెలు వండుతారుగా. మళ్ళీసారి ముందే చెప్పు. నా తద్దినం గారెలు నేనే తినిపోతాను."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కథ ఇక్కడ అయిపోతే ఎంత బాగుండేది!

తిరుగు బస్సులో నాన్నగారు కిటికీలోంచి చూస్తూ అన్నారు. "ఆ సంవత్సరీకం ఎవరిదిరా? రేపే కదా షష్ఠి. అడిగినవాళ్ళు ఎదురుచూస్తుంటారు."

"ఇంటికెళ్ళగానే చూసి చెబుతాను నాన్నగారూ."

ఇంటికెళ్ళగానే చూశాను. దేన్ని? ప్రోగ్రామ్‌ని. పొరపాటు దొరికింది. ఎవరో తల్లి సంవత్సరీకం అడిగారు, పలక మీద వాళ్ళ పేరు పడింది. ఆ ప్రశ్న తిథి లెక్కకి వెళ్ళింది. ఆ ఆరేడు సెకన్లలో మాస్టారు వచ్చారు, అదే పలక మీద ఆయన పేరు పడి పాత పేరు చెరిగిపోయింది. రెండు జవాబులూ మాస్టారికే వెళ్ళాయి. మొదటి మనిషికి ఏమీ వెళ్ళలేదు. ఎవరి పేరు వాళ్ళ ప్రశ్నతోనే ఉండేట్టు నాలుగు లైన్లు మార్చాను. అబ్బ, ఆ ఆనందం ఏం చెప్పమంటారు! గురువారమంతా దాన్ని పరీక్షిస్తూ కూర్చున్నాను. వందమంది ఉత్తుత్తి వెంకటేశ్వర్లని సృష్టించి ఒకేసారి వదిలాను. వందమందికీ ఎవరి తిథి వాళ్ళకి చేరింది.

నాన్నగారు గురువారం తెల్లారేసరికే ఒక ఊరికి పెళ్ళి చేయించడానికి వెళ్ళి, శుక్రవారం మధ్యాహ్నం వచ్చారు. కాళ్ళు కడుక్కుని అడిగారు.

"వాళ్ళకి చెప్పావా?"

"ఎవరికి?" అన్నాను. అన్న తర్వాత నోరు మూతపడలేదు.

సర్వర్‌కి వచ్చిన ప్రతి ప్రశ్నా ఒక ఫైల్లో నమోదవుతుంది. తెరిచాను. కోటయ్య. అద్దంకికి పది కిలోమీటర్లలో ఊరు. సోమవారం నాడు ఒక్కసారే అడిగాడు. మళ్ళీ అడగలేదు.

నాన్నగారు కండువా భుజాన వేసుకున్నారు. బండి తియ్యమన్నారు, అంతే. దారి పొడుగునా 'వాళ్ళకి చెప్పావా?' అన్న మాట నా వెనక సీట్లో కూర్చునే ఉంది.

కోటయ్య మిరపకాయల కల్లంలో ఉన్నాడు. ఎర్రగా పరిచిన కాయల మధ్య నిలబడి కాలితో తిరగేస్తున్నాడు. మమ్మల్ని చూసి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"దండాలు పంతులుగారూ. మెసేజ్ ఇంకా రాలేదండి. బుధవారమో గురువారమో తేలక చూస్తూ ఉండిపోయాను. తేలితే అక్కకి కబురు చేద్దామని."

"ఫోన్ చెయ్యకపోయావా కోటయ్యా?"

"చెయ్యొద్దని రాసుందిగా అండీ."

నాన్నగారు చెప్పులు విడిచి కల్లంలోకి దిగారు. "నిన్ననే అయిపోయింది కోటయ్యా" అన్నారు.

కోటయ్య కాయల వంక చూశాడు. "అనుకున్నానండి. నిన్న ఎందుకో మనసాగక, కాకికి అన్నంముద్ద ఒకటి పెట్టాను. మంత్రం లేకుండా అది ముట్టుద్దో లేదో తెలవదు."

"ముట్టింది. నే చెబుతున్నాగా" అన్నారు నాన్నగారు. "తిథి తప్పితే అమావాస్యనాడు పెట్టుకోవచ్చని శాస్త్రం ఉంది. నేనే వచ్చి చేయిస్తాను. మీ అక్కని పిలిపించు."

అమావాస్యనాడు నేనూ వెళ్ళాను. కార్యం అయ్యాక కోటయ్య దగ్గరికెళ్ళి, "తప్పు నాదేనండి" అన్నాను.

"బాధపడమాకండి చిన్న పంతులుగారూ" అన్నాడు ఆయన, నన్ను ఓదారుస్తూ. "అమ్మ అక్క దగ్గరున్నప్పుడు రేపు ఫోన్ చేస్తానని నేను ఎన్నిసార్లో మర్చిపోయేవాణ్ణి. ఎదురుచూడ్డం ఆవిడకి అలవాటే."

ఆయన ఓదార్పు కన్నా ఒక చెంపదెబ్బ చవగ్గా ఉండేది.

కనుక, అద్దంకి నడిబొడ్డున, మా ఇంటి వీధరుగు మీద, తడిబట్టలతో నిలబడి ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇద్దరు మనుషుల్ని ఒక వేరియబుల్‌లో పెట్టను. మనిషి సంగతి కనుక్కోకుండా ముందు ప్రోగ్రామ్ బాగుచెయ్యను. 'ఫోన్ చేయవలసిన పనిలేదు' అని ఈ జన్మలో ఎక్కడా రాయను. ఈ మాట తప్పితే, నా పెళ్ళి శుభలేఖ మీద నా తద్దినం తిథి అచ్చయి, అది ఊరందరికీ సమయానికి చేరుగాక!