మా గుర్రం మింగిన ఏలినాటి శని

మా బుల్లెట్ నల్లటి మినీ గుర్రం. ఎత్తు నా నడుము దాకా. పుట్టినరోజు పార్టీల్లో పిల్లల్ని మోసి మోసి కుంటుతుంటే శామీర్‌పేటకు తెచ్చి పెట్టుకున్నాం. ఇప్పుడు పనేం చేయదు, తింటుంది.

ఈ రోజు శనివారం కదా, పక్కింటి అవ్వ పొద్దున్నే వచ్చింది. తుర్కపల్లి ల్యాబులో పనిచేసే మనవడికి ఏలినాటి శనట, పెళ్లి కుదరడం లేదట. నల్లగుర్రం కాలి పాత నాడాతో ఉంగరం చేయించాలట.

"దీనికి నాడాలే కొట్టియ్యలేదు అవ్వా," అన్నాను.

"గిదేం గుర్రం బిడ్డా!" అని ఆమె విసుక్కుంటుండగానే బుల్లెట్ ఆమె చేతిలోని జాతకం లాక్కుని నమిలేసింది. ఉన్నది అదొక్కటే కాపీ.

అవ్వ కాసేపు దాని దవడల వైపే చూసింది. "పోనీ తియ్. శని గా కాయితంల్నే ఉండె. ఇగ దీని కడుపులకు వోయింది," అని బుల్లెట్‌కు దండం పెట్టి వెళ్లిపోయింది.

సాయంత్రానికి మా గేటు దగ్గర ముగ్గురు నిలబడ్డారు, చేతుల్లో జాతకాలతో. మీవీ ఉంటే తీసుకురండి. ల్యామినేషన్ చేయించినవి మాత్రం వద్దు, దానికి అరగవు.